ఏడాదికి 22 బస్తాల డీఏపీ: ఒక కుంట కేసు

రెండేళ్ల కిందట, సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. హైదరాబాద్ పడమటి వైపున ఒక అపార్ట్‌మెంట్ సముదాయం, దాని ప్రహరీ పక్కనే నాలుగెకరాల కుంట. "సార్, కుంటలో ఎవరో విషం కలిపారు. చేపలన్నీ తేలాయి. మీరు రిపోర్టు రాసిస్తే పోలీస్ కంప్లయింట్ ఇస్తాం" అన్నారు అసోసియేషన్ సెక్రటరీ. నీటి శుద్ధి ప్లాంట్లు, చెరువుల పని నాకు పదహారేళ్లుగా అలవాటు. చేపలు చచ్చిన ప్రతిసారీ మొదట వినపడే మాట విషమే. నిజంగా విషమైన కేసులు నా అనుభవంలో రెండో మూడో ఉంటాయి.

ఆ కాలనీ పేరు, కుంట పేరు ఇక్కడ రాయను. ఇంకా పరిహారం గొడవ నడుస్తోంది.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. మూడు రోజుల ముసురు తర్వాత ఆరోజే ఎండ కాసింది. కట్ట పొడవునా బొచ్చెలు, రవ్వలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి పడున్నాయి. ఆక్సిజన్ కొలిచే మీటరును నీళ్లలో ముంచాను. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 11.4 మిల్లీగ్రాములు! ఇక్కడి వేడికి, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఈ ఊరి ఎత్తుకు నీళ్లు మామూలుగా పట్టగలిగేది 7 పైచిలుకు మాత్రమే. అంటే ఆక్సిజన్ తక్కువ కావడం అటుంచి పొంగిపొర్లుతోంది. "ఊపిరాడక చచ్చినవి కావు" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది, కొట్టేయలేదు. నా తప్పు నాకు కనపడుతూ ఉండటం మంచిదే.

తప్పు పట్టుకున్నది నేను కాదు. కుంట మీద చేపల హక్కు ఉన్న మత్స్య సొసైటీలో ఒక పెద్దాయన ట్రాలీలోకి చేపలు ఎత్తిస్తూ నన్నే చూస్తున్నాడు.

"ఎండెక్కినంక వచ్చి మిషన్ పెడితే ఏం తెలుస్తది సార్? కోడి కూయకముందు రాండ్రి. నీళ్ల మీదికొచ్చి నోర్లు తెరుస్తయి."

"విషమంటున్నారు కదా పెద్దయ్యా, నీకేమనిపిస్తోంది?"

"విషమైతే పిల్ల చేపలు ముందు పోవాలె. ఇక్కడ పెద్దపెద్దయి పోయినయ్. కొర్రమట్ట ఒక్కటి సావలే, సూడుండ్రి."

చూశాను. నిజమే. ట్రాలీ మొత్తంలో ఒక్క కొర్రమీను లేదు. కొర్రమీను మొప్పలతోనే కాక, పైకొచ్చి గాలి పీల్చి కూడా బతుకుతుంది. బురదలో తడి ఉంటే చాలు, రోజుల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. అది బతికి, బొచ్చె, రవ్వ పోయాయంటే అనుమానం తిన్నగా ఆక్సిజన్ మీదికి పోతుంది. పైగా చచ్చిన చేపల్లో చాలావాటికి నోరు తెరుచుకుని, మొప్పలు విచ్చుకుని ఉన్నాయి. నేను వాటి మొహాల వంక చూడకుండా నేరుగా మీటరు తీశాను.

రాత్రంతా కట్ట మీద

సోమవారం సాయంత్రం నుంచి మంగళవారం తెల్లారే వరకు మత్తడి దగ్గర కూర్చున్నాను. తోడుగా సొసైటీ పెద్దాయన, అపార్ట్‌మెంట్ల మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ)లో పనిచేసే కుర్రాడు, ఒక ఫ్లాస్కు చాయ్, బోలెడన్ని దోమలు.

సాయంత్రం ఆరింటికి పైనీళ్లలో ఆక్సిజన్ 9.8. రాత్రి పదింటికి 5.1. రెండింటికి 1.9. నాలుగున్నరకి 0.8. అయిదూ నలభైకి 0.6. అడుగున అయితే పది గంటలకే సున్నా. నాలుగు దాటాక, టార్చి వేస్తే, నీటి మీద చిన్న చిన్న గుండ్రాలు కనిపించాయి. మిగిలిన చేపలు మూతులు పైకి పెట్టి, నీటి పై పొరను మాత్రం పీలుస్తున్నాయి. పెద్దాయన ఏమీ అనలేదు. చాయ్ కప్పు నా చేతికిచ్చాడు.

జరుగుతున్నది ఇదీ. నీళ్లు బఠానీ పులుసులా పచ్చగా ఉన్నాయి, అదంతా నాచు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, బొగ్గుపులుసు వాయువు తీసుకుంటుంది. అందుకే మధ్యాహ్నం మీటరు అంత పైకి లేచింది. చీకటి పడితే అదే నాచు మనలాగే ఊపిరి పీలుస్తుంది, ఇవ్వడం ఉండదు. అడుగున కుళ్లే చెత్త మీద బతికే బాక్టీరియా రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటుంది. కాబట్టి చెరువుకు రోజులో అతి గడ్డు సమయం సూర్యోదయానికి ముందు గంట. మూడు రోజులు ముసురు పట్టిందంటే పగటి జమ సగానికి సగం పడిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. శనివారం రాత్రి ఖాతా సున్నాకు వచ్చి ఉంటుంది.

చేపలకు ఇంకో బాధ కూడా ఉంది. సోమవారం మధ్యాహ్నం మూడింటికి, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 9.2, తెల్లవారుజామున 7.4. నాచు బొగ్గుపులుసు వాయువును గుంజేయడం వల్ల పగలు పీహెచ్ అలా ఎగబాకుతుంది. కుంటలో మొత్తం అమ్మోనియా నత్రజని లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉంది. 7.4 దగ్గర అందులో చేపను చంపే విడి అమ్మోనియా నూటికి రెండు పాళ్లు. అదే 9.2కి వచ్చేసరికి, 30 డిగ్రీల నీళ్లలో, సగానికి పైనే. మధ్యాహ్నం అమ్మోనియా, తెల్లారుగట్ల ఊపిరాడకపోవడం. చేపకు ఇరవై నాలుగు గంటల్లో రెండు షిఫ్టులు.

ఇంతవరకు చేపలు ఎలా చచ్చాయో తేలింది. ఇంత నాచు ఎందుకు వచ్చిందన్నది అసలు కేసు.

మందు కొట్టిన సంగతి

మంగళవారం పొద్దున టిఫిన్ చేస్తుంటే ఎస్టీపీ కుర్రాడు మాటల్లో అన్నాడు, "ఆగస్టుల ఈ కుంట నిండ గుర్రపుడెక్కే ఉండె సార్. మందు కొట్టిపిచ్చిన్రు. ఎంత క్లీన్ అయిందో!"

సెక్రటరీ గారు ఆ మాట నాకు చెప్పలేదు. దాచాలని కాదు, దానికీ దీనికీ సంబంధం ఉందని ఆయనకు తట్టలేదు. గుర్రపుడెక్క వల్ల దోమలు పెరుగుతున్నాయని గొడవలయ్యాయి. అది అబద్ధం కూడా కాదు. మాన్సోనియా జాతి దోమ పిల్లలు ఆ వేళ్లకు అతుక్కునే ఊపిరి తీసుకుంటాయి. ఎవరో కాంట్రాక్టరు తక్కువ రేటుకి కలుపు మందు పిచికారీ చేశాడు. పది పన్నెండు రోజుల్లో డెక్క గోధుమ రంగుకు తిరిగి, మూడు వారాల్లో మునిగిపోయింది. కుంట నీళ్లు కనిపించాయి. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, చప్పట్లు.

అంతకు ముందు ఫొటోలు చూస్తే సుమారు ఎకరంన్నర మేర డెక్క ఉంది. చదరపు మీటరుకు ఇరవై కిలోలు అనుకుందాం, దట్టంగా అల్లుకున్నప్పుడు అంతకన్నా తక్కువ ఉండదు. 120 టన్నుల పచ్చి మొక్క. అందులో నూటికి తొంభై నాలుగు పాళ్లు నీళ్లే. ఎండితే ఏడు టన్నుల పైచిలుకు. ఆ ఏడు టన్నులు పూర్తిగా కుళ్లాలంటే దాదాపు ఏడున్నర టన్నుల ఆక్సిజన్ కావాలి. కుంటలో ఉన్నది 2.4 కోట్ల లీటర్ల నీళ్లు. పైనుంచి కింద దాకా లీటరుకు 7 మిల్లీగ్రాముల లెక్కన నిండుగా ఉన్నా ఆక్సిజన్ 168 కిలోలు. ఏడున్నర టన్నుల అప్పు, చేతిలో 168 కిలోలు!

గాలి నుంచి కొంత దిగుతుంది, నాచు కొంత ఇస్తుంది, కుళ్లడం నెలల మీద సాగుతుంది, అందుకే కుంట ఒక్కరోజులో చచ్చిపోలేదు. కానీ డెక్క చస్తూ చస్తూ తన ఒంట్లో దాచుకున్న పోషకాలన్నీ నీళ్లలోకి వదిలింది. వాటిని నాచు అందుకుంది. డెక్క ఉన్నప్పుడు కుంట అసహ్యంగా ఉండేది, అయినా పోషకాలు ఆకుల్లో, వేళ్లలో ఇరుక్కుని ఉండేవి. చేత్తో ఎత్తి బయట పడేసే రూపంలో ఉండేవి. మందు కొట్టి ఆ అవకాశాన్ని నీళ్లలో కలిపేశారు.

డెక్క ఎందుకు వచ్చిందని అడిగితే మళ్లీ ఒక మెట్టు పైకి పోవాలి. పోయాను. మెట్టు నేరుగా ఎస్టీపీ గదిలో తేలింది.

రిపోర్టులో అంతా బాగానే ఉంది

సముదాయంలో 420 ఫ్లాట్లు, పద్నాలుగు వందల మంది. రోజుకు 1.9 లక్షల లీటర్ల మురుగు. శుద్ధి చేసిన నీళ్లలో సగం దాకా ఫ్లష్‌లకు, మొక్కలకు పోతాయి. మిగిలిన లక్ష లీటర్లు వరద కాలువ గుండా కుంటలోకి. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. లామినేట్ చేసిన ల్యాబ్ రిపోర్టు గోడకు వేలాడుతోంది: బీఓడీ 8. అందరూ ఆ అంకె చూపిస్తారు. "పదిలోపు ఉందిగా సార్!"

బీఓడీ అంటే నీళ్లలోని కుళ్లే పదార్థాన్ని బాక్టీరియా తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో కొలిచే పరీక్ష. మన దగ్గర 27 డిగ్రీల్లో మూడు రోజులు పెట్టి చూస్తారు. అది ప్రధానంగా కర్బనం సంగతి చెబుతుంది. నత్రజని పూర్తి కథ అందులో ఉండదు. భాస్వరం అసలే ఉండదు. ఆ రిపోర్టులో అమ్మోనియా గడి లేదు, ఫాస్ఫేట్ (నీళ్లలో భాస్వరం ఉండే రూపం) గడి లేదు. అడగని పరీక్షను ల్యాబ్ ఎందుకు చేస్తుంది?

శాంపిల్ ఎప్పుడూ పదకొండు గంటలకే తీస్తారని కుర్రాడు చెప్పాడు. నేను పొద్దున ఆరింటికి తీశాను. బీఓడీ 34, అమ్మోనియా నత్రజని 24, భాస్వరం 6 మిల్లీగ్రాములు. మురుగు ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ ప్యానెల్ తెరిస్తే టైమర్ ఉంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా బంద్.

"కరెంటు బిల్లు తగ్గించాలన్నరు సార్. సౌండ్ వస్తుందని కింది ఫ్లాటోళ్లు కూడా కంప్లయింట్ చేసిన్రు. నేనేం జేస్త?"

కుర్రాడి తప్పేం లేదు. కానీ గాలి ఆపితే ముందుగా దెబ్బతినేది అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా. రష్యన్ శాస్త్రవేత్త సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వీటిని విడదీసి చూపించాడు. కర్బనం తినే మామూలు బాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది, ఇవి రెట్టింపు కావడానికి రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి వీటికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. రాత్రంతా గాలి లేకుండా ఉంచి, పొద్దున లేచి పని చేయమంటే చేయవు. కర్బనం తినేవి మాత్రం ఎలాగో సర్దుకుపోతాయి. కాబట్టి పదకొండింటి రిపోర్టు బాగుంటుంది, కుంట బాగుండదు.

ఇక భాస్వరం. తర్వాత అసోసియేషన్ మీటింగ్‌లో నేను ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే.

మనం తిన్న అన్నం, పప్పు, పాలల్లోని భాస్వరం ఒంట్లో ఉండిపోదు. పెద్దవాళ్ల విషయంలో తిన్నంతా దాదాపుగా బయటికే పోతుంది, మనిషికి రోజుకు సుమారు గ్రామున్నర. అది ఎస్టీపీకి వస్తుంది. మురుగులోని కర్బనాన్ని బాక్టీరియా తింటే చాలావరకు బొగ్గుపులుసు వాయువై గాల్లోకి పోతుంది. నత్రజనికి కూడా గాల్లోకి దారి ఉంది, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. భాస్వరానికి మాత్రం అలాంటి వాయు రూపం లేదు. నీళ్లలో ఉంటుంది, మట్టిలో ఉంటుంది, ప్రాణి ఒంట్లో ఉంటుంది. ఈ మూడు చోట్లలో ఒకచోటి నుంచి ఎవరో మోసుకుపోతేనే కదులుతుంది.

లీటరుకు 6 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు లక్ష లీటర్లు. అంటే రోజుకు 600 గ్రాముల భాస్వరం. ఏడాదికి 219 కిలోలు. 50 కిలోల డీఏపీ ఎరువు బస్తాలో ఉండే భాస్వరం సుమారు 10 కిలోలు. మీటింగ్‌లో ఇలా అడిగాను: "ఎవరైనా మీ గేటు ముందు ట్రాక్టరు ఆపి, ఏడాదికి 22 బస్తాల డీఏపీ చించి కుంటలో పోస్తుంటే ఊరుకుంటారా?"

అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు. వాళ్లలో సగం మంది సిద్దిపేట, నల్గొండ, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లే. బీఓడీ తెలియకపోవచ్చు, డీఏపీ బస్తా బరువు తెలుసు.

లీటరుకు 0.1 మిల్లీగ్రాము భాస్వరం ఉంటే చాలు, చెరువు పచ్చబడటానికి అది ఎక్కువే. మన కుంటలో ఆ స్థాయికి చేరాలంటే 2.4 కిలోలు, అంటే నాలుగు రోజుల ఎస్టీపీ నీళ్లు. నాచు ఒంట్లో సగటున ఒక భాస్వరం పరమాణువుకు 16 నత్రజని, 106 కర్బన పరమాణువులు ఉంటాయని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ సముద్రపు నీటిని పరీక్షించి లెక్క కట్టాడు. ఆ లెక్కన కిలో భాస్వరం నూరు కిలోల ఎండు నాచును పెంచగలదు. ఆ నాచు చచ్చి కుళ్లితే 140 కిలోల ఆక్సిజన్ తింటుంది. కుంట మొత్తం నిల్వ 168 అని పైన చెప్పుకున్నాం. రెండు రోజుల నీళ్లతో పెరిగిన నాచు ఒక్కసారిగా చస్తే కుంట ఖాళీ.

ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు మంచి ప్రశ్న వేశారు. "నత్రజనిని ఆపితే సరిపోదా? రెండిట్లో ఏదో ఒకటి లేకపోతే నాచు పెరగదు కదా?" సరిగ్గా ఈ ప్రశ్నకే కెనడాలోని ఒంటారియోలో 1973లో ఒక సరస్సునే ప్రయోగశాల చేశారు. 226 నంబరు సరస్సును నడుమ తెరతో రెండుగా విడదీసి, రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపారు. ఒకవైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపే పచ్చబడింది. నత్రజని కరువైతే గాలి నుంచి లాక్కోగల నీలి ఆకుపచ్చ నాచు జాతులు ఉన్నాయి. భాస్వరాన్ని గాలి నుంచి లాక్కునే ప్రాణి లేదు. అందుకని తాళం అక్కడే వేయాలి. అమ్మోనియాను వదిలేయమని కాదు, చేపను చంపేది అదే మరి.

చేసినవి, చేయొద్దన్నా చేసినవి

మొదటి వారం పనులు తేలిక. చచ్చిన చేపల్ని అదే రోజు ఎత్తించి సున్నంతో పూడ్చారు. అక్కడే వదిలితే వాటి ఒంట్లోని భాస్వరం కూడా తిరిగి నీళ్లలోకే. కుంటలో అందం కోసం పెట్టిన ఫౌంటెన్ ఒకటి ఉంది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా రంగు లైట్లతో ఆడుతుంది. ఆ వేళ నీళ్లకు దాని అవసరమే లేదు. టైమర్‌ని రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడుకి మార్పించాను. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి తగిలేలా తిప్పే రెక్కల ఏరేటర్లు రెండు అద్దెకు తెప్పించాం. వారంలో తెల్లారుగట్ల రీడింగ్ 2 దాటింది. "లైట్లు ఎవరూ చూడని టైమ్‌లో ఫౌంటెన్ ఎందుకండీ?" అని ఒకావిడ అడిగారు. చేపలు చూస్తాయండీ అన్నాను. నవ్వలేదు.

బ్లోయర్లు రాత్రి కూడా నడపడానికి నెల పట్టింది. శబ్దం కోసం గదికి లోపల ఫోమ్ వేయించారు. అమ్మోనియా 24 నుంచి మూడు వారాల్లో 3కి దిగింది. అందరూ సంతోషించారు. నేను నైట్రేట్ పరీక్ష చేయించాను, అది అమాంతం పెరిగింది. నత్రజని ఎక్కడికీ పోలేదు, చొక్కా మార్చుకుంది అంతే. నైట్రేట్ చేపను అంత బాధించదు కానీ భూమిలోకి ఇంకితే పక్కనున్న బోర్లలో తేలుతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాబట్టి గాలి లేని ఒక ట్యాంకులోకి ఆ నీళ్లను వెనక్కి తిప్పి, పచ్చి మురుగుతో కలిపే ఏర్పాటు చేయించాం. అక్కడ ఆక్సిజన్ దొరకని బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌నే వాడుకుని నత్రజనిని గాలిలోకి వదిలేస్తుంది. ట్యాంకులో సన్నటి బుడగలు లేస్తుంటే కుర్రాడిని పిలిచి చూపించాను. మొత్తం కేసులో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే.

భాస్వరానికి పటిక. చివరి ట్యాంకులో మోతాదు చూసి కలిపితే ఫాస్ఫేట్ దానికి అంటుకుని బురదగా దిగుతుంది. 6 నుంచి 1.5కి వచ్చింది. మిగులు నీళ్లలో చాలా భాగం దగ్గర్లోని నర్సరీకి, ఒక కన్‌స్ట్రక్షన్ సైట్‌కి ట్యాంకర్లలో పోయేలా మాట్లాడారు. కుంటలోకి రోజుకు లక్ష లీటర్ల బదులు ఇరవై వేలు. లెక్క మళ్లీ వేస్తే ఏడాదికి 11 కిలోలు. ఇరవై రెండు బస్తాలు ఒక బస్తాకు దిగాయి. మూసీ దిగువన మురుగు నీటితో గడ్డి పెంచి, గేదెలకు వేసి, పాలు మళ్లీ నగరానికే అమ్మే రైతులు ఈ పని ఏ పటికా లేకుండా దశాబ్దాలుగా చేస్తున్నారు. ఆ నీళ్లలో ఇంకేమేం ఉన్నాయన్నది వేరే సంగతి.

చేయొద్దన్నా చేసింది బయో కల్చర్ పొడి. డబ్బా మీద కోట్ల బాక్టీరియా అని రాసి ఉంటుంది. కుంటలో బాక్టీరియాకు కరువేముంది? దానికి కావాల్సింది ఆక్సిజన్. పొడి చల్లిన నెల రోజుల్లో రీడింగ్‌లు కదల్లేదు. రెండో నెల డబ్బా తెప్పించలేదు.

తేలే మొక్కల తెప్ప కూడా అడిగారు, నెక్నాంపూర్ చెరువులో చూసి వచ్చి. దాని మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ అలాంటి మొక్కలు చదరపు మీటరుకు ఏడాదికి పది, ఇరవై గ్రాముల భాస్వరం పీల్చడమే గొప్ప. నూరు చదరపు మీటర్ల తెప్ప వేస్తే ఒకటి రెండు కిలోలు. 219 కిలోలు వస్తున్నప్పుడు అది వేసి ఏం లాభం? 11కి దిగాక వేయండి, కోసిన ఆకు కుంట బయట పడేయండి అన్నాను. రెండో ఏడు వేశారు. మెట్టతామర పూలు బాగున్నాయి, పక్షులు వస్తున్నాయి.

గుర్రపుడెక్క జనవరిలో మళ్లీ మొలిచింది. ఈసారి మనుషుల్ని పెట్టి తీయించాం. మొదటి రోజు కాంట్రాక్టరు తీసిందంతా కట్ట లోపలి వాలు మీదే కుప్ప పోశాడు, వాన పడితే రసమంతా మళ్లీ కుంటలోకే కారేలా. ఎత్తించి అవతల వైపు వేయించాను. ఎండుటాకులు, పేడ కలిపి కర్బనం, నత్రజని పాళ్లు ముప్ఫైకి ఒకటి దగ్గరికి తెచ్చి కంపోస్టు చేశారు. మొదటి కుప్పకు ఎండుటాకు చాలక కుళ్లి కంపు కొట్టింది, రెండోది కుదిరింది. లోహాల పరీక్ష చేయించాకే పూల మొక్కలకు వాడమన్నాను. కూరగాయలకు వద్దన్నాను. గుర్రపుడెక్క నీళ్లలోని లోహాలను కూడా వేళ్లలో దాచుకుంటుంది.

అయినా పచ్చగానే

ఇంత చేసినా మరుసటి ఏప్రిల్‌లో కుంట మళ్లీ పచ్చబడింది. సెక్రటరీ గారు ఫొటో పంపించి కింద ఒక్క ప్రశ్నార్థకం పెట్టారు. నిజానికి నేను ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పాను కూడా, రిపోర్టు పదమూడో పేజీలో. అక్కడిదాకా ఎవరు చదువుతారు?

తొమ్మిదేళ్లు దిగిన భాస్వరం అడుగు బురదలో ఉంది. మట్టిలో ఇనుము ఉంటుంది, ఆక్సిజన్ తగిలినంత కాలం అది తుప్పు రూపంలో ఉండి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుతుంది. అడుగున ఆక్సిజన్ సున్నా కాగానే తుప్పు కరుగుతుంది, పట్టు వదులుతుంది, భాస్వరం పైకి లేస్తుంది. ఎండాకాలం నీళ్లు తగ్గి, వేడెక్కి, రాత్రిళ్లు అడుగు ఊపిరాడక ఉన్నప్పుడు ఇది బాగా జరుగుతుంది. బయటి కుళాయి కట్టేసినా లోపలి కుళాయి పారుతోంది.

ఒక గొట్టాన్ని బురదలోకి దింపి తీసిన ముక్కను ప్లాస్టిక్ ట్రేలో పరిచాను. పైన గోరు మందం గోధుమ రంగు, దాని కింద జానెడు నల్లటి మెత్తటి బురద, కుళ్లిన గుడ్డు వాసన, అందులో గుర్తుపట్టగలిగే గుర్రపుడెక్క కాడలు. దాని కింద బూడిద రంగు పాత రేగడి, గట్టిగా, వాసన లేకుండా. మన తాతల నాటి కుంట అడుగు అది. పై జానెడు బురదను మొత్తం కుంటకు లెక్కేస్తే రెండు టన్నులకు పైగా భాస్వరం తేలింది. తొమ్మిదేళ్లు ఏటా 219 కిలోలు వేసి చూడండి, దగ్గర దగ్గరే వస్తుంది.

డీఏపీ లెక్కలో రెండు వందల బస్తాలు. అంతా పంటకు అందే రూపంలో ఉండదు, డీఏపీ అంత చురుకుగా పనిచేయదు. అయినా మన వైపు ఎండాకాలంలో చెరువు ఎండగానే బండ్లు కట్టి పూడిక మట్టిని పొలాలకు తోలుకునేది ఊరికే కాదు. వానకు పొలం నుంచి చెరువుకు కొట్టుకొచ్చింది, ఎండాకాలంలో చెరువు నుంచి పొలానికి వెళ్లేది. ఖాతా ఏటా సరిపోయేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు పొలాలకు తోలుకున్నది ఆ పాత లెక్క మీదే. నగరం కుంటకు చుట్టూ పొలాల్లేవు, ఫ్లాట్లున్నాయి. రావడం ఉంది, పోవడం లేదు.

మట్టిని ఆరుచోట్ల పరీక్ష చేయించాం. వరద కాలువ నోటి దగ్గర రెండు చోట్ల సీసం, క్రోమియం ఎక్కువ తేలాయి. రోడ్ల మీది వాన నీళ్లు వచ్చేది అటునుంచే. ఆ మట్టిని ఏ పొలానికీ ఇవ్వకూడదని రాశాను. మిగతా నాలుగు చోట్లా పరవాలేదు. ఔటర్ రింగు రోడ్డు అవతల పత్తి రైతు ఒకాయన వచ్చి చేతిలోకి తీసుకుని, నలిపి, వాసన చూసి, "ఒక వంద ట్రిప్పులు తోలుకుంట, డీజిల్ సగం మీరు పెట్టుకోండ్రి" అన్నాడు. అసోసియేషన్ ఒప్పుకుంది.

కుంట మట్టి తీయాలంటే అనుమతులు కావాలి. ఫిబ్రవరిలో అర్జీ పెట్టారు. జూన్ మొదటి వారంలో సంతకాలు పూర్తయ్యాయి, రెండో వారంలో వానలు పడి కుంట నిండింది. ఈసారి నవంబరులోనే అర్జీ పెట్టించాను. ప్రస్తుతం తెల్లారుగట్ల ఆక్సిజన్ 3.2 నుంచి 4 మధ్య ఉంటోంది, ముసురు రోజుల్లో ఏరేటర్లు వేస్తే. సొసైటీ వాళ్లు కిందటేడు బొచ్చె పిల్లల్ని తక్కువగానే వదిలారు, కొర్రమీను ఎక్కువ వేశారు. మొన్న వెళ్లినప్పుడు పెద్దాయన నా చేతిలో మీటరు చూసి టైమ్ అడిగాడు. అయిదుంబావు అన్నాను.

"గిప్పుడు పెట్టు" అన్నాడు.